ఆరో తారీఖు అలర్ట్

పోయిన వారం మన అలారాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో ఫోను పెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అలాగే కూర్చుని ఉంది. చదివి మరిచిపోయినవాళ్ళ కోసం, అసలు చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

ఆమె పనిచేసేది సొంత బాబాయి కంపెనీలో. ఇంకా కట్టని ఇళ్ళకు బొమ్మలు తయారు చేయడం వాళ్ళ పని. ఆర్కిటెక్టు గీతలు పంపిస్తే వీళ్ళు గోడలు లేపి, ఎండ పడేలా చేసి, సోఫాలు వేసి, అచ్చం ఫొటోలాంటి బొమ్మ పంపిస్తారు. అలాంటి బొమ్మ ఒక్కటి తయారవ్వాలన్నా ఆఫీసులో ఉన్న కంప్యూటర్లు చాలవు. ఎక్కడో ఉన్న పెద్ద మిషన్లను ఇంటర్నెట్ మీద గంటల లెక్కన అద్దెకు తీసుకోవాలి. దానికి క్లౌడ్ అని ముద్దుపేరు. వాడుకున్నంతసేపూ హాయిగానే ఉంటుంది, ఆపడం మరిచిపోతే మాత్రం నెలాఖరున బిల్లు చూసి గుండె జారుతుంది. అందుకని నెలకింత అని ఒక హద్దు పెట్టుకుని, ఖర్చు సగానికి చేరితే ఒకసారి, తొంభై శాతానికి చేరితే ఇంకోసారి ఫోన్లకు కబురు వచ్చేలా అలర్టులు పెట్టుకున్నారు. వాటి కాపలా ఈ అమ్మాయిది. ఆఫీసంతా ఆమెను అలారం అనే పిలుస్తుంది. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనిపించదు.

ఆరో తారీఖు పొద్దున పదకొండింటికి సగం అలర్టు వచ్చింది. మామూలుగా పదిహేనో తారీఖు దాటాక రావలసినది. బాబాయి తన గదిలోంచి విసురుగా వచ్చి, అందరూ వినేలా, "రెండింటికల్లా ఎవరి పనో తేల్చు తల్లీ. లేదంటే ఈ అద్దె మిషన్ల వ్యవహారమే ఎత్తేస్తా. బొమ్మల పని బయటివాళ్ళకిచ్చి చేతులు దులుపుకుంటా" అని వెళ్ళిపోయాడు. ఆ చేతులు దులుపుకోవడంలో ఆరుగురి ఉద్యోగాలున్నాయి.

అక్కడి నుంచే ఇప్పుడు మొదలు.

అలారం జాబితా తెరిచింది. ఎవరు మిషన్ పెట్టినా దానికో చీటీ తగిలించాలని రూలు. ఏ ఇంటి పని, ఎవరు పెట్టారు అన్నది చీటీ మీద ఉండాలి. ఆ రూలు పెట్టింది ఈమే. చీటీ మరిచిపోయినందుకు ఆఫీసులో అందరినీ ఒకసారైనా కడిగేసింది కూడా.

జాబితాలో పన్నెండు మిషన్లు ఒకే పని మీద నడుస్తున్నాయి. అన్నీ పెద్దవి, అన్నిటికన్నా ఖరీదైనవి. చీటీ మీద "ఉత్తరం వైపు కిటికీ" అని ఉంది.

"ఇదెవరి ఇల్లు? మన దగ్గర అలాంటి పనేం లేదే!" అంది రంగులావిడ, వెనక నుంచి తొంగిచూస్తూ. గోడల రంగులూ కర్టెన్ల రంగులూ తేల్చేది ఆవిడే. ఇద్దరు పిల్లలు, స్కూలు ఫీజులు, నోరు మూసుకోవడం తెలియని మనిషి.

"చూస్తున్నా అక్కా" అంది అలారం.

చూడడానికేముంది? ఆ ఇల్లు ఎవరిదో ఆమెకు తెలుసు. పెట్టిందెవరో కూడా తెలుసు. చీటీ కింద ఉన్న లాగిన్ ఆమె మొగుడిది.

మొగుడంటే మేనత్త కొడుకే. పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. ఈ ఆఫీసులో గోడలు లేపడంలో అతని తర్వాతే ఎవరైనా. ఇద్దరూ కలిసి తమ ఇంటి బొమ్మ గీసుకున్నారు. స్థలం లేదు, డబ్బు లేదు, బొమ్మకేం లోటు? వంటింట్లో ఉత్తరం వైపు కిటికీ కావాలని ఆమె. అక్కడ గోడ ఉంటేనే అల్మరాలొస్తాయని అతను. నవ్వుతూ మొదలైన ఆ పేచీ నవ్వుతూ ఆగలేదు. ఆరు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో అతనికి రెట్టింపు జీతం ఉద్యోగం వచ్చింది. రమ్మన్నాడు. ఈ ఊరు వదిలి రానంది. వెళ్ళాడు. ముందు ఎవరు ఫోన్ చేయాలన్నది తేలక పద్నాలుగు నెలలు గడిచిపోయాయి. మనుషులు ఇంత తెలివితక్కువగా ఉంటారా అని మీరడగొచ్చు. మొగుడూ పెళ్ళాలు ఉంటారు.

అతను ఉద్యోగం మానిన రోజు ఒక కాయితం నింపారు. కుర్చీ అప్పగించాడు, తాళం అప్పగించాడు, లాగిన్ తీసేశాం అని వరుసగా గడులు. చివరి గడిలో టిక్కు పెట్టి సంతకం చేసింది అలారం. లాగిన్ మాత్రం తీయలేదు. తీద్దామని మూడుసార్లు తెరిచింది. "ఈ వ్యక్తిని తొలగించమంటారా?" అని అడిగింది కంప్యూటరు. తొలగించమని చెప్పడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

అలర్టు వెళ్ళే ఫోన్ల జాబితాలో మొదటి నంబరు కూడా అతనిదే. అదీ తీయలేదు.

అది గుర్తొచ్చిన రోజు నుంచి అలారం ఒక వెర్రి పని మొదలుపెట్టింది. అప్పటిదాకా రెండే అలర్టులుండేవి. వాటిని పది చేసింది. పది శాతానికొకటి, ఇరవైకొకటి, ముప్పైకొకటి. ప్రతి అలర్టుకూ మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు, ఆ పేరే మెసేజ్‌లో మొదట కనిపిస్తుంది. ఆమె ఒక నెల "పది: జ్వరం తగ్గింది" అని పెట్టింది. ఇంకో నెల "ఇరవై: అత్తయ్య వచ్చి వెళ్ళింది" అని. "ముప్పై: జుట్టు కత్తిరించుకున్నా". "నలభై: నిద్ర పట్టడం లేదు". ఖర్చు పెరిగే కొద్దీ ఒక్కో కబురూ ఎగిరి వెళ్ళేది. జవాబు రాదు. అలర్టుకు జవాబివ్వడానికి వీలే లేదు. అయినా మెసేజ్ వెళ్ళిన రోజు ఆమె అన్నం కొంచెం ఎక్కువ తినేది.

"జ్వరం తగ్గడమేంటే?" అని అప్పట్లో రంగులావిడ అడిగితే, "సర్వర్‌కి అక్కా, వేడెక్కింది" అని తప్పించుకుంది.

పోయిన నెలాఖరున బాబాయి, నెలకు పది మెసేజ్‌లతో తల తినేస్తున్నావని అరిచి, సగం, తొంభై తప్ప అన్నీ తీయించేశాడు. ఆమె నోరు మూసుకుని తీసేసింది. ఏమని చెబుతుంది?

ఇప్పుడు ఫోన్ పట్టుకుని మెట్ల దగ్గరికి నడిచింది. ఒంటిగంట దాటింది. నంబరు నొక్కింది.

రెండో రింగుకే ఎత్తాడు. "చెప్పు పిల్లా."

పద్నాలుగు నెలల తర్వాత ఆ గొంతు. నిన్న సాయంత్రం బజారుకెళ్ళి వచ్చిన మనిషిలా పలికాడు. ఆమెకు కళ్ళు నిండిపోయాయి. కానీ కాపలా మనిషి కదా, ముందు కాపలా మాటలే వచ్చాయి.

"పన్నెండు మిషన్లు నడుస్తున్నాయి బావా."

"ఆఁ."

"నీ పేరు మీద."

"ఆఁ."

"ఎవడబ్బ సొమ్మనుకున్నావ్?"

"మా మామయ్యది" అన్నాడు నిమ్మళంగా.

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వినట్టు తెలియకూడదని పెదవి కొరుక్కుంది.

"వేళాకోళం కాదు. సగం బడ్జెట్ అయిపోయింది. బాబాయి ఇక్కడ అందరి మీదా విరుచుకుపడుతున్నాడు. ఏంటిదంతా?"

అతను మెల్లగా, "పది రాలేదు" అన్నాడు.

"ఏంటి?"

"పది శాతం. ప్రతి నెలా మూడో తారీఖుకొచ్చేస్తుంది, మహా అయితే నాలుగు. ఈ నెల రాలేదు. ఒంట్లో బాలేదేమోననుకున్నా. లేకపోతే నువ్వే ఇంక చాల్లే అనుకున్నావేమోనని... ఏం తోచలేదు. అది దానంతటది రాకపోతే నేనే రప్పిద్దామని ఒక మిషన్ పెట్టా. రాలేదు. మర్నాడు పొద్దున ఇంకో రెండు పెట్టా. రాలేదు. ఇంకో నాలుగు..."

"ఓరి దేవుడా! ఖర్చు లెక్క అప్పటికప్పుడు రాదు బావా. సగం రోజు పడుతుంది, ఒక్కోసారి రోజంతా పడుతుంది. నువ్వు పెట్టినవి లెక్కలోకి ఎక్కేలోపే..."

"ఆ సంగతి నాకెవరు చెప్పారు?"

"చెప్పడానికి నువ్వుంటే కదా!"

అనేసింది. మెట్ల మీద ఎవరో కిందికి దిగిపోయారు. ఆమె గోడ వైపు తిరిగి నిలబడింది.

"పది తీసేయమంది బాబాయి. నేను కాదు" అంది చివరికి. "అయినా అది ఉన్నా ఈ మిషన్లు ఆగేవి కావు. అలర్టు చెప్తుందంతే, ఏదీ ఆపదు. ఆపాల్సింది మనిషే."

"అయితే ఆపు. పదకొండు ఆపెయ్. ఒక్కటి మాత్రం పూర్తి కానివ్వు. చివరికొచ్చింది. నువ్వు చూడాలది."

"సరే."

"ఇంకో మాట. లాగిన్ నువ్వు తీయలేదని నాకు మొదటి నెలే తెలుసు. రోజూ పొద్దున పనికెళ్ళే ముందు ఒకసారి పెట్టి చూస్తా. తెరుచుకుంటుంది. సరే, ఇంకా నేనున్నాను అనుకుని వెళ్తా." గొంతు సవరించుకున్నాడు. "వద్దనుకుంటే తీసేయ్ పిల్లా. పెద్దమనుషులొద్దు, పంచాయితీలొద్దు. తీసేస్తే నాకు మెసేజ్ వస్తుంది కదా, తీసింది నువ్వేనని నీ పేరుతో. అర్థం చేసుకుంటా. మళ్ళీ నీ జోలికి రాను. ఉంచితే మాత్రం సాయంత్రం వస్తా. మామయ్య బిల్లు నేనే కడతా, ఆయన తిట్లూ నేనే తింటా."

"సాయంత్రానికెలా వస్తావ్? బస్సే ఆరు గంటలు."

"వస్తాలే" అన్నాడు. నవ్వుతున్నట్టనిపించింది. అటు ఎవరో పిలిచారు. ఫోన్ పెట్టేశాడు.

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. సాయంత్రం అన్న మాట ఒక్కటే చెవిలో ఉంది. ఏ చీర ఉంది, జుట్టు ఇలా ఉందేంటి, ఇంట్లో పాలున్నాయా అని ఎక్కడెక్కడికో పోయింది బుద్ధి. పద్నాలుగు నెలలుగా ఆమెకు కావలసింది ఇదే. ఇంకేదీ కాదు.

లోపలికొచ్చి పదకొండు మిషన్లూ ఒక్కొక్కటే ఆపింది. పన్నెండోది తొంభై మూడు శాతం దగ్గరుంది. దాన్ని వదిలేసింది. వదిలేసి చూస్తూ కూర్చుంది.

సరిగ్గా రెండింటికి బాబాయి వచ్చాడు. వెనక ఆఫీసంతా నిలబడింది. రంగులావిడ చేతిలోని రంగుల పుస్తకాన్ని గుండెకు అదుముకుని ఉంది.

"ఎవరు?" అన్నాడు బాబాయి.

అబద్ధం ఒకటి సిద్ధం చేసుకుంది అలారం. ఎవరో పాస్‌వర్డ్ కొట్టేశారని చెప్పొచ్చు. కానీ అలా అంటే మొదట తీసేయమనేది బావ లాగిన్‌నే.

"బావ" అంది. "తప్పు ఆయనది కాదు బాబాయ్. లాగిన్ తీసేశానని సంతకం పెట్టి నేనే తీయలేదు."

బాబాయి ముఖం ఎర్రబడుతుందనుకుంది. పడలేదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మా అక్క కొడుకని నేనూ ఎన్నోసార్లు ఊరుకున్నా తల్లీ. నీ బాధ నాకు తెలీదనుకోకు. కానీ వీళ్ళని చూడు. నీ తాళం నువ్వు తెరిచిపెట్టుకున్నందుకు వీళ్ళ బువ్వ పోవాలా?"

ఎవరూ నోరు మెదపలేదు. రంగులావిడ కూడా. ఆవిడ మాట్లాడకపోవడమే అలారానికి ఎక్కువ తగిలింది.

"ఇప్పుడే తీసేయ్. నా కళ్ళ ముందే. మిషన్లుంటాయి, అందరి పనులూ ఉంటాయి. నేనింక ఒక్క మాట అనను."

"ఒక్క ఫోన్ చేసుకోనీ బాబాయ్. రెండే నిమిషాలు. ముందు ఆయనకి చెప్పి..."

"పద్నాలుగు నెలలిచ్చా. నాకు తెలీకుండానే ఇచ్చా."

"ఆయన తప్పుగా అనుకుంటాడు."

"అనుకుంటే తర్వాత సర్దిచెప్పుకో. మొగుడూ పెళ్ళాలు మీరు. ఇది ఆఫీసు." తెర మీదికి వంగి, "ఇంకా ఒకటి నడుస్తోందేం?" అన్నాడు.

"తొంభై ఏడు అయింది. ఇప్పుడాపితే పెట్టిందంతా దండగ" అంది. దండగ అన్న మాట ఆయన మీద బాగా పనిచేస్తుందని ఆమెకు చిన్నప్పట్నుంచీ తెలుసు. బాబాయి మూలిగి ఊరుకున్నాడు. లాగిన్ తీసేసినా నడుస్తున్న మిషన్ దాని పని అది ముగించుకునే ఆగుతుంది.

ఆమె ఆ పేజీ తెరిచింది. "ఈ వ్యక్తిని తొలగించమంటారా?"

తీసిన మరుక్షణం ఫోన్ చేస్తాను, మెసేజ్ చదివేలోపే నా గొంతు వినిపిస్తాను అనుకుంది. బావా, నేను కాదు, అనాలి. ఆ రెండు ముక్కలూ నోట్లో పట్టుకుని, నొక్కింది.

జాబితాలో అతని పేరు లేదు. కింద పేరు పైకొచ్చి ఆ ఖాళీలో కూర్చుంది.

బాబాయి లేచి ఆమె తల మీద చెయ్యి వేశాడు. చెయ్యి విదిలించుకుని ఫోన్ తీసింది. రింగయింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మధ్యలోనే కట్టయింది. మూడోసారి స్విచాఫ్ అని వచ్చింది.

"ఎత్తడం లేదు అక్కా" అంది రంగులావిడతో. చిన్నపిల్లలా అంది. రంగులావిడ పుస్తకం పక్కన పడేసి వచ్చి భుజం పట్టుకుంది.

అప్పుడే పన్నెండో మిషన్ పని ముగించింది. బొమ్మ తెర మీదికి వచ్చింది.

వంటిల్లు. పొద్దుటి వెలుగు. గట్టు మీద రెండు గ్లాసులు. అల్మరాలు లేవు, ఒక్కటీ లేదు. గోడ మధ్యలో, ఆమె అడిగిన చోట, ఆమె అడిగినంత వెడల్పున కిటికీ ఉంది. పద్నాలుగు నెలల కిందట అతను ససేమిరా అన్న కిటికీ. ఆమె ఏడ్చేసింది. ఎవరున్నారో చూసుకోలేదు.

"ఎంత బాగా చేశాడే!" అంది రంగులావిడ. తర్వాత కళ్ళు చికిలించి దగ్గరికి వంగింది. "ఒసేయ్, కిటికీలోంచి చూడు."

వాళ్ళ పనిలో ఒక పద్ధతుంది. గది అంతా గీసిందే అయినా, కిటికీ అవతల కనిపించేది మాత్రం గీయరు. ఇల్లు కట్టే చోటికెళ్ళి, కిటికీ వచ్చే ఎత్తులో నిలబడి ఫొటో తీసి, దాన్నే వెనక అతికిస్తారు. అప్పుడే చూసేవాడు నమ్ముతాడు. బావ ఈ విషయంలో మరీ పట్టుదల మనిషి. వేరే చోటి ఫొటో ఎన్నడూ పెట్టడు.

కిటికీ అవతల ఒక మేడ. మేడ మీద నీలం రంగు నీళ్ళ ట్యాంకు. దాని మూత ఎప్పుడో ఎగిరిపోతే తెల్లటి ఫ్లెక్సీ ముక్క కప్పి, ఎర్ర వైరుతో కట్టారు. ఆ వైరు కట్టించింది అలారమే, పోయిన నెలలోనే. ఆ ట్యాంకు ఇప్పుడు ఆమె నెత్తి మీద, ఈ ఆఫీసు డాబా మీద ఉంది.

ఆమె లేచింది. ఆఫీసు వెనక గోడకు పెద్ద అద్దాల కిటికీ ఉంది. వెలుగు పడితే తెర మీద రంగులు తేడాగా కనిపిస్తాయని రంగులావిడ దానికి కర్టెన్‌లా దించిన బ్లైండ్ ఎన్నడూ ఎత్తనివ్వదు. ఈ రోజు అడ్డు చెప్పలేదు. అలారం తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

వెనక సందు. సందుకు అవతల పాత మేడ. దాని మీద కొత్తగా లేపుతున్న అంతస్తు, పూత లేని ఎర్ర గోడలు. ఆ గోడలో, ఈ అద్దానికి సరిగ్గా ఎదురుగా, బొమ్మలో ఉన్నంత వెడల్పున కిటికీ కోసం వదిలిన ఖాళీ.

ఖాళీలో బావ నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. చొక్కా నిండా సిమెంటు దుమ్ము. ఆపేసిన ఫోన్ చేతిలో పట్టుకుని దాని వంకే చూస్తున్నాడు. పక్కన తాపీ పట్టుకుని మేస్త్రీ ఏదో అడుగుతున్నాడు.

"బావా!" అని అరిచింది. అద్దం తెరుచుకునేది కాదు. ఏసీ కోసం చుట్టూ బిగించేశారు. రెండు చేతులతో కొట్టింది. అతను తలెత్తలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, కిటికీ ఖాళీని చేత్తో చూపించి, మేస్త్రీతో ఏదో అని వెనక్కి తిరిగాడు.

మేస్త్రీ ఒక్క క్షణం ఆగి చూశాడు. తర్వాత వంగి సిమెంటు పరిచి, ఖాళీలో మొదటి ఇటుక పెట్టాడు.